వేంపల్లె ఉల్లిపాయ రాళ్ళు, తుమ్మలపల్లె యురేనియం: ఇందులో బ్యాక్టీరియా పని ఎంత?

మీరు అడిగినవి రెండు. వేంపల్లె దగ్గర గుట్ట మీద ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు గుండ్రటి పొరలున్న రాళ్ళు చూశారు. అవి బ్యాక్టీరియా కట్టిన రాళ్ళని మీ అబ్బాయి వాళ్ళ సైన్స్ సారు చెప్పారు. కంటికి కనపడని ప్రాణి కొండనెలా కడుతుంది అన్నది మొదటి ప్రశ్న. ఆ పక్కనే ఉన్న తుమ్మలపల్లె యురేనియం కూడా వాటి పనేనా అన్నది రెండోది. కడప, అనంతపురం గుట్టల్లో సుత్తి పట్టుకుని పాతికేళ్ళు తిరిగినవాడిగా చెబుతున్నాను, సారు చెప్పింది చాలావరకు నిజం. 'కట్టిన' అన్న మాట దగ్గర మాత్రం కాస్త ఆగాలి.

ముందు మీరు చూసింది ఏ ఉల్లిపాయో తేల్చుకుందాం. ఆ ప్రాంతంలో ఉల్లిపాయ రాళ్ళు రెండు రకాలున్నాయి. ఒకటి డోలరైట్, మన క్వారీల్లో నల్లరాయి అనే రకం. అది భూమి లోపలి నుంచి కరిగిన ద్రవంగా పైకి ఎగదన్ని, ఇతర రాళ్ళ మధ్య దూరి గట్టిపడింది. ఎండకీ వానకీ దాని పై పొరలు పొట్టులా ఊడుతూ, మధ్యలో గుండు మిగులుతుంది. చేత్తో లాగితే తుప్పు రంగు పెచ్చులు ఊడి వస్తాయి. దానికీ బ్యాక్టీరియాకీ సంబంధం లేదు. రెండోది సున్నపురాయి జాతికి చెందిన బూడిదరంగు డోలమైట్‌లో ఉంటుంది. అందులో పొరలు ఊడవు, ఒక్కొక్కటి మిల్లీమీటరో, అంతకన్నా సన్నమో ఉండి రాయిలో కలిసిపోయి ఉంటాయి. బండ మీద నిలబడి కిందికి చూస్తే వలయాలు కనపడతాయి. అదే బండ పక్క కోతలో చూస్తే బోర్లించిన గిన్నెలు ఒకదాని మీద ఒకటి దొంతరగా పేర్చినట్టుంటుంది. సారు చెప్పిన స్ట్రోమాటోలైట్ ఇదే.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, చదువుకునే రోజుల్లో నేనే ఈ తప్పు చేశాను. ఇసుకరాయిలో ఇనుపనీరు ఇంకి ఏర్పడిన ఎర్రటి వలయాలను చూసి, స్ట్రోమాటోలైట్లని ఫీల్డ్ నోట్‌బుక్కులో రెండు పేజీలు బొమ్మలతో సహా నింపాను. మా సారు ఆ రాయిని తిప్పి రెండో పక్క చూపించారు. ఒకే రంగు మరక పొరలకు అడ్డంగా, నిలువుగా ఎటు పడితే అటు పోతోంది. "నీ బ్యాక్టీరియాకి పైకీ కిందికీ తేడా తెలీదా నాయనా?" అన్నారు. అప్పటినుంచి వలయం కనపడగానే రాయి చుట్టూ తిరిగి చూడకుండా ఏమీ రాయను.

ఈ రాళ్ళ వయసు సంగతి చెప్పాలి. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు ప్రాంతాల రాతిపొరలను వివరించినప్పుడు మన ఊళ్ళ పేర్లే వాటికి పెట్టాడు. అన్నిటికన్నా అడుగునున్న గుల్చెరు క్వార్ట్‌జైట్ పేరు పాలకోవాకి పేరుపడ్డ గువ్వలచెరువుదే. దాని పైన వేంపల్లె పొరలు, ఆ పైన పులివెందుల, తాడిపత్రి. తాడిపత్రి పొరల్లోకి పులివెందుల దగ్గర దూరిన ఒక అగ్నిశిలకు వయసు కడితే సుమారు 188 కోట్ల ఏళ్ళని తేలింది. వేంపల్లె పొరలు దానికి కింద ఉన్నాయి కాబట్టి అంతకన్నా పాతవి. అప్పటికి భూమి మీద చెట్టు లేదు, చేప లేదు, నత్త కూడా లేదు. నత్త లేదన్న సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఇక అసలు ప్రశ్న. రాయలసీమలో బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా సున్నం పేరుకోవడం మీ ఇంట్లోనూ చూసే ఉంటారు. ఆ సున్నం నీళ్ళలోనే కరిగి ఉంది. కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో ఉన్నంతసేపు అది కరిగే ఉంటుంది. కాచినప్పుడు ఆ గ్యాస్ పోతుంది, సున్నం కరిగి ఉండలేక గిన్నెకి అంటుకుంటుంది. వేంపల్లె సముద్రంలో జరిగింది కూడా ఇదే, పొయ్యి ఒక్కటే లేదు. పొయ్యి పని చేసింది సయనోబ్యాక్టీరియా, అంటే వరి రైతులకి నీలి ఆకుపచ్చ నాచుగా తెలిసిన జాతి. ఎండ ఉన్నంతసేపు అది ఆహారం కోసం నీళ్ళలోని కార్బన్ డయాక్సైడ్‌ని లాక్కుంటుంది. చుట్టూ ఉన్న నీరు క్షారంగా మారి సున్నం దానంతటదే రాలుతుంది. అందుకే 'కట్టిన' అన్న మాట దగ్గర ఆగమన్నాను. నత్త తన గుల్లను తానే కట్టుకుంటుంది. బ్యాక్టీరియా ఏమీ కట్టదు, తన బతుకు తాను బతుకుతూ చుట్టూ ఉన్న నీళ్ళ గుణం మారుస్తుంది. రాయి ఆ మార్పుకి మిగిలిన మడ్డి.

అయితే మడ్డి ఊరికే పేరుకుంటే చదునుగా ఉండాలి, బోర్లించిన గిన్నె ఆకారం ఎందుకొచ్చింది? ఇది అర్థం కావాలంటే ఉప్పుమడికి వెళ్ళాలి. కోస్తాలో ఉప్పు పండించే మడుల్లో, గట్టి ఉప్పు తేలకముందు నీళ్ళు నిలిపే మడి అడుగున తోలులాంటి చాప ఒకటి పరుచుకుని ఉంటుంది. కత్తితో చిన్న ముక్క కోసి ఎత్తండి, తెగిన అట్టలా వస్తుంది. అంచు చూస్తే పైన ఆకుపచ్చ, దాని కింద గులాబీకీ ఊదాకీ మధ్య రంగు, అడుగున నలుపు. మొత్తం మందం వేలి మందం కూడా ఉండదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్ళిన గుడ్డు వాసన. పై అంతస్తు వాళ్ళు ఎండతో బతుకుతారు. కింది వాళ్ళు వడగట్టగా మిగిలిన వెలుతురుతో బతుకుతారు. అడుగు వాళ్ళకి వెలుతురూ అక్కర్లేదు, ఆక్సిజనూ అక్కర్లేదు, పైవాళ్ళ శవాలే తిండి.

పై పొర ఎప్పుడూ జిగటగా ఉంటుంది. అలలతో కొట్టుకొచ్చిన ఇసుక రేణువులు, సున్నపు పొడి ఆ జిగురుకి అంటుకుంటాయి. మీద పొడి పడి వెలుతురు తగ్గగానే బ్యాక్టీరియా పైకి పాకి కొత్త చాప అల్లుతుంది. మళ్ళీ పొడి, మళ్ళీ చాప. ఎక్కడ కాస్త మిట్టగా ఉంటే అక్కడ వెలుతురు బాగా అందుతుంది, అక్కడే పెరుగుదల ఎక్కువ, మిట్ట మరింత మిట్టవుతుంది. గిన్నె ఆకారం ఇలా వస్తుంది. ఫీల్డులో దీనివల్ల మాకొక లాభం ఉంది. పొరలు తలకిందులైన చోట గిన్నె బోర్లా ఉందా వెల్లకిలా ఉందా అని చూస్తే, ఒకప్పుడు పైవైపు ఏదో తెలిసిపోతుంది.

స్ట్రోమాటోలైట్ అన్న పేరు 1908లో ఎర్న్స్ట్ కాల్కోవ్‌స్కీ అనే జర్మన్ పెట్టాడు. తమ దేశపు రాళ్ళు చూసి, ఇవి ప్రాణులవల్లే వచ్చాయని ధైర్యంగా అన్నాడు. చాలామంది నమ్మలేదు. 1950లలో ఆస్ట్రేలియా పడమటి తీరంలో షార్క్ బే అనే చోట ఇవి ప్రాణంతో పెరుగుతూ కనపడ్డాక వాదన చల్లారింది. అక్కడి నీళ్ళు మామూలు సముద్రం కన్నా రెండు రెట్లు ఉప్పన. ఆ ఉప్పుకి నత్తలు పెద్దగా బతకలేవు. చాపని మేసేవాళ్ళు లేరు కాబట్టి అది మిగిలింది. నత్త పుట్టని కాలంలో వేంపల్లె సముద్రంలోనూ చాపని మేసేవాళ్ళు లేరు. షార్క్ బేలో అవి ఏడాదికి అర మిల్లీమీటరు కూడా పెరగవు. ఆ లెక్కన మీరు చూసిన రాయిలో అడుగు ఎత్తు గిన్నెల దొంతర ఉంటే దాని వెనక కనీసం ఆరు వందల ఏళ్ళుంటాయి. ఒక్కో పొర ఒక్కో ఏడాదని మాత్రం లెక్కపెట్టకండి, అవి చెట్టు వలయాలు కావు. తుఫాను వస్తే ఒక్క రాత్రిలోనే ఒక పొర పడొచ్చు.

ఇక్కడొక మెలిక ఉంది. నేను పైన సున్నం అన్నాను కానీ మీ గుట్ట సున్నపురాయి కాదు, డోలమైట్. అంటే అందులో కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా వరుస తప్పకుండా అమరి ఉంటుంది. మేము జేబులో చిన్న సీసాలో పలచని ఆసిడ్ పెట్టుకు తిరుగుతాం. సున్నపురాయి మీద చుక్క వేస్తే చుర్రుమని పొంగుతుంది. డోలమైట్ మీద వేస్తే ఏమీ కానట్టు కూర్చుంటుంది, చాకుతో గీకి పొడి చేసి వేస్తే అప్పుడు కాస్త బుసబుసలాడుతుంది. ఈ డోలమైట్ ఎలా పుడుతుందన్నది మా రంగంలో పెద్ద చిక్కుముడి. పాతకాలపు రాళ్ళలో కొండలకు కొండలు ఉన్నాయి. నేటి సముద్రంలో దానికి కావలసిన సరుకంతా ఉంది, అయినా డోలమైట్ దాదాపు ఏర్పడదు. అమెరికాలో లింటన్ ల్యాండ్ అనే ఆయన సీసాలో డోలమైట్ పుట్టడానికి కావలసినదానికన్నా వెయ్యి రెట్లు సంతృప్తమైన ద్రవం పోసి, 25 డిగ్రీల దగ్గర పెట్టి 32 ఏళ్ళు చూశాడు. డోలమైట్ రాలేదు. రాలేదనే విషయాన్నే 1998లో పేపరుగా ప్రచురించాడు. ఆ ఓపికకి నేను ఇప్పటికీ దండం పెడతాను.

అంతకు మూడేళ్ళ ముందే, 1995లో, బ్రెజిల్‌లో రియో డి జనీరో దగ్గరి లగోవా వెర్మెల్యా అనే ఉప్పు మడుగు బురదని పరిశీలించినవాళ్ళు వేరే దారి చూపించారు. ఇందాక ఉప్పుమడి చాప అడుగున చెప్పిన నల్లపొర వాళ్ళే, సల్ఫేట్‌ని పీల్చి బతికే బ్యాక్టీరియా, అక్కడ మామూలు ఉష్ణోగ్రతలోనే డోలమైట్ రాలేలా చేస్తున్నాయి. మెగ్నీషియం తన చుట్టూ నీటి అణువులను గట్టిగా కప్పుకుని ఉంటుంది, రాయిలోకి త్వరగా దిగదు. బ్యాక్టీరియా చేసే రసాయన మార్పులు, దాని జిగురు కలిసి ఆ దుప్పటి లాగేస్తాయని ఒక వివరణ. 2023లో మిషిగన్, హొక్కైడో విశ్వవిద్యాలయాలవాళ్ళు బ్యాక్టీరియా లేకుండానే, స్ఫటికంలో తప్పుగా అమరిన చోట్లు పదేపదే కరిగిపోయేలా చేస్తే డోలమైట్ జోరుగా పెరుగుతుందని చూపించారు. సుమారు 300 పొరలు పెంచారు. కాబట్టి డోలమైట్ అంటే బ్యాక్టీరియా అని గీత గీసి చెప్పలేం. వేంపల్లె వరకు నా అంచనా చెబుతాను. ముందు సున్నపురాయిగా ఏర్పడి తర్వాతెప్పుడో డోలమైట్ అయి ఉంటే మిల్లీమీటరు పొరలు చెదిరిపోవాలి. అవి ఇంత నాజూకుగా మిగిలాయంటే మార్పు చాప మెత్తగా ఉండగానే జరిగి ఉండాలి, అంటే అడుగు పొరవాళ్ళ చెయ్యి ఉండే అవకాశం ఎక్కువ.

ఈ అడుగు పొరవాళ్ళని మీరు పట్టించుకోకపోయినా, భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల రైతుకి వీళ్ళంటే టెన్షన్. మేత ఎక్కువై చెరువు అడుగున కుళ్ళితే మట్టి నల్లబడుతుంది, గ్యాస్ తేలుతుంది, రొయ్య తేలిపోతుంది. ఆ గ్యాస్ హైడ్రోజన్ సల్ఫైడ్. నలుపు, మట్టిలోని ఇనుము ఆ గ్యాస్‌తో కలిసి ఏర్పడిన ఐరన్ సల్ఫైడ్. పంట తీశాక చెరువు ఎండగడితే గాలి తగిలి ఆ నలుపు కొన్ని రోజుల్లో గోధుమరంగులోకి తిరుగుతుంది. గాలి తగలకుండా బురద పూడిపోతే, కాలం గడిచేకొద్దీ అదే నలుపు పైరైట్ అవుతుంది, జనం పిచ్చి బంగారం అనే పసుపు మెరుపు ఖనిజం. దీన్ని బలమైన మైక్రోస్కోపులో చూస్తే అచ్చం బూందీ లడ్డులా ఉంటుంది. వందల కొద్దీ బుల్లి స్ఫటికాలు గుండ్రంగా అతుక్కుని, మొత్తం లడ్డు మిల్లీమీటరులో నూరో వంతు. మొదటిసారి చూసినప్పుడు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. లడ్డు ఆకారం ఒక్కటే బ్యాక్టీరియాకి సాక్ష్యం కాదు, ల్యాబులో బ్యాక్టీరియా లేకుండా కూడా తెప్పించారు. అసలు సాక్ష్యం గంధకంలో ఉంటుంది. బ్యాక్టీరియా తేలిక గంధకాన్ని, అంటే 32 బరువున్న దాన్ని, 34 కన్నా ఇష్టపడుతుంది. రాయిలోని పైరైట్‌లో తేలికది ఎక్కువగా తేలితే, అది వేలిముద్ర.

తుమ్మలపల్లె కథ ఇక్కడ మొదలవుతుంది. యురేనియంకి రెండు రూపాలు. ఆక్సిజన్ ఉన్న నీళ్ళలో అది కరుగుతుంది, నీళ్ళతో ఎంత దూరమైనా పోతుంది. ఆక్సిజన్ లేని చోటికి చేరితే రూపు మార్చుకుని, కరగని గింజగా రాలిపోతుంది. సుమారు 240 కోట్ల ఏళ్ళ కిందటి దాకా గాలిలో ఆక్సిజన్ లేదు, కాబట్టి యురేనియం నీళ్ళలో పెద్దగా కరగలేదు. ఆక్సిజన్‌ని గాలిలోకి తెచ్చింది సయనోబ్యాక్టీరియానే. ఆ తర్వాతే కొండల్లోని గ్రానైట్ నుంచి యురేనియం కరిగి సముద్రం వైపు నడిచింది. వేంపల్లె తీరానికి వచ్చేసరికి అక్కడ చాప కింద నల్లబురద, కుళ్ళు, హైడ్రోజన్ సల్ఫైడ్. అక్కడ చిక్కింది. కదిలించింది పై పొర జాతి, పట్టుకున్నది అడుగు పొర జాతి.

తుమ్మలపల్లె ఖనిజం చూస్తే ఈ మాటకి బలం కనపడుతుంది. యురేనియం ఎక్కడో ఒక పగులులో ముద్దగా లేదు. వేంపల్లె డోలమైట్‌లో ఫాస్ఫేట్ కలిసిన కొన్ని పొరలనే పట్టుకుని, పదుల కిలోమీటర్ల పొడవునా సాగుతుంది. గింజలు ఎంత సన్నమంటే చేతి లెన్స్‌తో కనపడవు, పైరైట్ దగ్గరా ఫాస్ఫేట్ దగ్గరా ఇరుక్కుని ఉంటాయి. టన్ను రాయి తవ్వితే అర కిలో కూడా రాదు. 2012లో గని మొదలైనప్పుడు యురేనియం తీయడానికి మామూలుగా వాడే ఆసిడ్‌ని ఇక్కడ పక్కన పెట్టాల్సి వచ్చింది. డోలమైటే ఆసిడ్‌నంతా తాగేస్తుంది కదా! అందుకే క్షార ద్రావణం వాడే పద్ధతి పెట్టారు. నాచు చాపలు మిగిల్చిన డోలమైట్, ఇన్ని కోట్ల ఏళ్ళ తర్వాత ఒక ఫ్యాక్టరీ డిజైన్‌ని మార్చిందన్నమాట.

అయితే యురేనియం పట్టింది బ్యాక్టీరియా స్వయంగానా, లేక అది వదిలిన గ్యాసా? రెండూ జరగగలవు. 1991లో డెరెక్ లవ్లీ అనే అమెరికా సూక్ష్మజీవ శాస్త్రవేత్త బృందం కొన్ని బ్యాక్టీరియా మనం ఆక్సిజన్ వాడుకున్నట్టు యురేనియంని వాడుకుని బతుకుతాయని, ఆ క్రమంలో దాన్ని కరగని రూపానికి మారుస్తాయని ల్యాబులో చూపించింది. తుమ్మలపల్లె రాయిలో ఏది ఎంత జరిగిందో ఇన్ని కోట్ల ఏళ్ళ తర్వాత విడదీసి చెప్పేవాళ్ళుంటే నాకూ చెప్పండి. "పురుగులే యురేనియం తయారు చేశాయి" అని ఎవరైనా అంటే మాత్రం తప్పు. తయారు చేయలేదు, దారిలో పోతున్నదాన్ని ఆపాయి.

ఇనుము సంగతి పొడుగైనది, ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. కిరండూల్ నుంచి అరకు మీదుగా విశాఖకి దిగే గూడ్సుల్లో వచ్చే బైలదిల్లా ఎర్రరాయి, పట్టీలు పట్టీలుగా ఉండే పాత సముద్రపు ఇనుప అవక్షేపం నుంచి వచ్చిందే. అప్పటి సముద్రంలో ఇనుము కరిగి ఉండేది. సయనోబ్యాక్టీరియా వదిలిన ఆక్సిజన్ తగిలి తుప్పుగా రాలిందని పాత వివరణ. ఆక్సిజన్ లేకుండా, వెలుతురుతోనే ఇనుముని తుప్పు పట్టించే బ్యాక్టీరియాని 1993లో కనుక్కున్నాక ఆ పని వాళ్ళదీ కావచ్చంటున్నారు. దీని చిన్న నమూనా మీ ఊళ్ళోనే ఉండొచ్చు. బోరు నీళ్ళు నిలిచిన గుంటలో నారింజ రంగు జిగురు, పైన నూనె తెట్టులా మెరుపు కనపడితే పుల్లతో కదపండి. అద్దం పగిలినట్టు ముక్కలైతే ఇనుప బ్యాక్టీరియా తెట్టు. చీలి మళ్ళీ కలిసిపోతే ఎవరో డీజిల్ పోశారు.

స్ట్రోమాటోలైట్ నేరుగా గని అయిన చోటు చూడాలంటే ఉదయపూర్ దగ్గరి ఝామర్‌కోట్రా వెళ్ళండి. అక్కడ ఎరువులకి వాడే ఫాస్ఫేట్ స్ట్రోమాటోలైట్ స్తంభాల్లోనే ఉంది, స్తంభాల మధ్య సందుల్లో డోలమైట్. కొంత భాగాన్ని జియలాజికల్ సర్వే జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. మన వేంపల్లె రాళ్ళకి అలాంటి కంచె లేకపోవడం, క్రషర్లు దగ్గరికొస్తుండటం నాకు ఎప్పుడూ ఉండే బాధ.

మీ చుట్టుపక్కల ప్రతి ఖనిజాన్నీ బ్యాక్టీరియా ఖాతాలో వేయకండి. పులివెందుల ఆస్‌బెస్టాస్ అగ్నిశిల వేడికి డోలమైట్ ఉడికి పుట్టింది. మంగంపేట ముగ్గురాయిని ఎక్కువమంది అగ్నిపర్వతాలకీ వేడినీళ్ళకీ ముడిపెడతారు. పెద్ద పెద్దవాళ్ళే పొరబడతారనడానికి గ్రీన్‌లాండ్ ఉంది. 2016లో అక్కడి 370 కోట్ల ఏళ్ళ రాళ్ళలో స్ట్రోమాటోలైట్లు దొరికాయని పెద్ద వార్త వచ్చింది. 2018లో ఇంకో బృందం వెళ్ళి అదే రాయిని మూడో వైపు నుంచి చూసి, గోపురాలు కావు, రాయి నలిగి ఏర్పడ్డ మడతలని చెప్పింది. మా సారు నాకు రాయి తిప్పి చూపించినట్టే.

మీరు మళ్ళీ వెళ్ళినప్పుడు పొద్దు వాలేవేళ వెళ్ళండి, ఏటవాలు ఎండలో పొరలు తేలి కనపడతాయి. సీసాలో నీళ్ళు తీసుకెళ్ళి రాయి మీద పోస్తే ఇంకా స్పష్టం. పైన వలయం ఒక ఫొటో, పక్క కోత ఒక ఫొటో, రెండిట్లోనూ పక్కన రూపాయి నాణెం పెట్టండి. చాకుతో ఒక మూల గీకి చూడండి. గీత పడితే డోలమైట్. చాకే అరిగి రాయి మీద ఉక్కు చార మిగిలితే అది చెకుముకి పట్టీ, డోలమైట్ పొరల మధ్య నల్లగా పైకి తేలి ఉంటుంది. సుత్తితో మాత్రం కొట్టకండి. ఫొటోలు పంపితే ఏ ఉల్లిపాయో చెబుతాను.